సామ్ దగ్గర తీసుకున్నవి

"ఆపండి! మిషను ఆపండి!"

షీబా అరుపుకి ఫ్లెక్సీ షాపులో ఉన్నవాళ్ళంతా తలెత్తారు. మిషను మాత్రం ఆగలేదు. దాని తల కుడికీ ఎడమకీ పరుగెడుతూ, వెళ్ళినప్పుడల్లా వేలెడు వెడల్పున రంగు పూస్తోంది. పై వరస అప్పటికే బయటికొచ్చి నేల మీదికి వేలాడుతోంది. 'ఎడారి పురుగుకి మన బెన్హర్ పేరు'. దాని కింద బెన్హర్ జుట్టు, నుదురు అయిపోయాయి. కనుబొమలు అచ్చవుతున్నాయి.

షాపు యజమాని వెంకటేష్ పరుగెత్తుకొచ్చి బటన్ నొక్కాడు. "ఏటైందమ్మా? అచ్చుతప్పా?"

"తప్పే" అంది షీబా.

"ఒసే, ఆపమంటావేటే?" పక్కన స్టూలు మీద కూర్చున్న తల్లి ఎలీసమ్మ లేచింది. "ఆదివారం కూడికకి కావాల. ఇయ్యాళ గురువారం."

షీబా ఫోన్లో వ్యాసం తెరిచి ఉంది. నెలల తరబడి ఆమె, ఆమె గైడు వెంకటరావు కలిసి రాసిన వ్యాసం. రాజస్థాన్ ఎడారిలో దొరికిన కొత్త పురుగు గురించి. వెల్లకిలా పడేస్తే రొమ్ము కింది ముల్లుని గుంటలోంచి విదిలించి, టక్కుమని గాల్లోకి ఎగిరి కాళ్ళ మీద పడే పురుగు. పల్లెల్లో పిల్లలు అరచేతిలో వేసుకుని ఆడుకునే పురుగుకి ఎడారి చుట్టం. రంగు ఇసుకది. ప్రపంచంలో ఇంతకు ముందు ఎవరూ దానికి పేరు పెట్టలేదు. ఈ ఉదయం పత్రికవాళ్ళు అచ్చయిన కాపీ పంపారు.

తను పెట్టిన పేరు 'బెన్హరి'. అంటే తన అన్న, జవాను బెన్హర్‌ది అని. కాగితం మీద ఆ పేరు లేదు. అక్కడ 'సామి' అని ఉంది. కింద ఒక వాక్యం. దీన్ని సేకరించిన జవాను సామ్ గౌరవార్థం ఈ పేరు పెట్టడమైనది.

పదకొండు పేజీలు. వెతికే గడిలో బెన్హర్ అని కొట్టింది. ఫలితాలు సున్నా. మళ్ళీ కొట్టింది. సున్నా.

"పేరు మారిపోయిందమ్మా. సామి అని యేసారు."

"సామా?" ఎలీసమ్మ నోరు తెరిచింది. "ఏ సామే?"

"అయ్యప్ప సామా?" అన్నాడు వెంకటేష్, పాపం మంచిగానే.

ఎలీసమ్మ ముఖంలో రంగు మారింది. "ఎంకటరావు మేస్టారు ఏటేటా మాల యేసుకుంటాడు గదే."

"అది కాదమ్మా..."

"నా కొడుకు పురుగుకి ఆయన సామి పేరెట్టేసుకున్నాడేటే?"

షీబా సర్దిచెప్పలేదు. సర్దిచెప్పే ఓపిక లేదు. వెంకటేష్ సగం అచ్చయిన గుడ్డని చుట్టి చెత్తబుట్టలో వెయ్యబోయాడు. ఎలీసమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"పారేకు బాబూ. నుదురు వచ్చింది గదా. అంతవరకూ కోసి ఇయ్యి."

అతను కత్తెర తీసి కనుబొమల కింద తిన్నగా కోశాడు. ఆమె దాన్ని మడత పడకుండా చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది.

తల్లిని ఆటో ఎక్కించి షీబా యూనివర్సిటీ బస్సు పట్టుకుంది.

*

వెంకటరావు మైక్రోస్కోపు మీదినుంచి కళ్ళు తియ్యలేదు. ఎడమచేతిలో పటకారు, కుడిచేతిలో రెండే వెంట్రుకల కుంచె. గోరువెచ్చటి నీటి ఆవిరికి మెత్తబడిన ఒక చిన్న పురుగు కాళ్ళని ఒక్కొక్కటే విడదీస్తున్నాడు. అరవైకి దగ్గరపడిన మనిషి. ఆయన తండ్రికి బజార్లో పప్పుల దుకాణం ఉండేది. పప్పులో పురుగులు ఏరడంతో మొదలైంది నా చదువు అని క్లాసులో చెప్పి నవ్విస్తూ ఉంటాడు. ఇవాళ నవ్వించే ముఖం పెట్టలేదు.

"పేరెవరు మార్చారు సార్?"

"కూర్చో."

"ఎవరు మార్చారు?"

"నేనే." నాలుగో కాలు సర్ది, కుంచె నీళ్ళలో కడిగాడు. అప్పుడు తల తిప్పాడు. "ప్రూఫులు వచ్చినప్పుడు నువ్వు కళింగపట్నంలో ఇసుక జల్లెడ పడుతున్నావు. నీ ఫోను కలవలేదు. నలభై ఎనిమిది గంటల్లో తిప్పి పంపాలి. ఎడిటర్ ఒక ప్రశ్న వేశాడు. పురుగుల్ని సేకరించిన బెన్హర్ పేరు పెట్టామని వ్యాసంలో రాశారు, చీటీల్లో సేకరించినవాడు సామ్ అని ఉంది, ఏది నిజం అని."

లేచి బీరువాలోంచి చెక్కపెట్టె తెచ్చి మూత తీశాడు. కలరా ఉండల వాసన గుప్పున వచ్చింది. తొమ్మిది పురుగుల్లో ఒకదాన్ని, జాతి మొత్తానికి సాక్ష్యంగా నిలిచేదాన్ని, ఎర్ర చీటీ గుచ్చి కలకత్తా మ్యూజియానికి పంపేశారు. మిగిలిన ఎనిమిది వరసగా ఉన్నాయి. అట్టముక్కని మూడు మూలలుగా కత్తిరించి, దాని కొస మీద జిగురు చుక్క పెట్టి, దాని మీద పురుగుని నిలబెట్టింది షీబాయే. ఒక్కోదానికి అరగంట పట్టింది. ప్రతి సూది కిందా గోరులో సగమంత చీటీ.

"చదువు."

చదవక్కర్లేదు, ఆమెకి తెలుసు. అయినా చదివింది. "ఇండియా, రాజస్థాన్, జైసల్మేర్ జిల్లా. 2015 జూన్ మూడు. లెగ్. సామ్."

"లెగ్ అంటే?"

"ఏరినవాడు సార్."

"ఈ చీటీ ఎవరు కట్టారు?"

"నేనే. అన్నయ్య అగ్గిపెట్టెలో పెట్టి పంపిన కాగితంలో 'సామ్ దగ్గర తీసుకున్నవి' అని ఉంది. అందుకే అలా రాశాను. అవి పంపింది అన్నయ్య. పంపినవాడి పేరు పెట్టకూడదా? ఆ ఒక్క వాక్యం దిద్దితే సరిపోయేది కదా! సేకరించిన అన్నచోట పంపిన అంటే అయిపోయేది కదా!"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "పాతికేళ్ళ వయసులో సాలూరు కొండల్లో రెండు వర్షాకాలాలు తడిసి ఒక పురుగుని పట్టానమ్మా. మా గైడు దానికి ఒక ఆఫీసరు పేరు పెట్టాడు. ఆ ఆఫీసరు దాని ముఖమైనా చూడలేదు. ఇసుకలో చెయ్యి పెట్టి ఏరినవాడెవడో వాడికే పేరు దక్కాలి. అది నా పట్టుదల."

"మా అన్నయ్య చచ్చిపోయాడు సార్."

"తెలుసు. సామ్ బతికున్నాడు కదా అని అతని కష్టం లాగేసుకుందామా?"

ఆ మాటకి షీబా దగ్గర ఉన్న జవాబల్లా కోపమే.

"అయితే మార్చండి. మళ్ళీ మార్చండి."

"మారదు. అచ్చయిన పేరు తప్పని తెలిసినా మారదు. రేపు నేనూ నువ్వూ పోయినా అది సామియే." ఆయన గొంతు తగ్గించాడు. "ఒకటి చెయ్యగలను. ఏరింది బెన్హరేనని, సామ్ కాదని రుజువు తీసుకురా. సవరణ వేయిస్తాను. రెండు వాక్యాలు. మీ అన్నయ్య పేరు అచ్చులో ఉంటుంది. ఆ సామ్ ఎవరో పట్టుకో."

*

శుక్రవారం పొద్దుటికే ఇల్లు కోర్టులా తయారైంది.

మేనమామ సుందరరావు చర్చి సంఘానికి సెక్రటరీ. తెల్ల కాగితం మీద మార్జిన్ గీసి, నాలిక కొరుక్కుంటూ ఫిర్యాదు రాస్తున్నాడు. ఆదివారం బెన్హర్ పోయి ఏడాది. జ్ఞాపకార్థ కూడికలో అందరి సంతకాలూ తీసుకుని సోమవారం యూనివర్సిటీ పెద్దలకి ఇవ్వాలని ఆయన పథకం.

"మరణించిన జవాను పేరును దురుద్దేశముతో తొలగించి..." పైకి చదివాడు. "తొలగించియా, తొలిగించియా?"

"మావా, సామి అంటే దేవుడు కాదు. సామ్ యొక్క అని అర్థం. లాటిను."

"లాటినో లేటినో, సదివినోడికి సామీ అనే ఇనబడతాది. నువ్వు ఊరుకోయే. నీ డిగ్రీ ఆయన సేతిలో ఉన్నాది, నువ్వు మాటాడలేవు. మేం మాటాడతాం."

ఏడాదిగా షీబా కోపానికి మనిషి దొరకలేదు. ఎండ మీద కోపగించుకోలేదు, దేవుడి మీద కోపగించుకోకూడదు. ఇప్పుడు కళ్ళజోడు తుడుచుకునే ఒక మనిషి దొరికాడు. అతన్ని వదలబుద్ధి కాలేదు.

ఎలీసమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. కూడికకి వచ్చేవాళ్ళకి భోజనాలు. "పురుక్కి మనిషి పేరేటే, పాపం కాదేటే అన్నాను గదా నేను మొదట" అంది ఎవరితోనూ కాకుండా. "నువ్వే సెప్పినావు. అమ్మా, మనందరం పోయినా ఈ పేరుంటాదే అని. ఊరంతా సెప్పుకున్నాను. కూర్మమ్మకి సెప్పాను, పాలోడికి సెప్పాను. ఎర్రబస్సులో పక్కనోలికి కూడా సెప్పాను."

చేట ఆగింది.

"ఆ సామ్ ఎవుడే? మీ అన్న శవప్పెట్టి వచ్చిననాడు ఉన్నాడా?"

"లేడమ్మా."

"ఉత్తరమైనా రాసినాడా? ఫోనైనా సేసినాడా?"

"లేదు."

"సచ్చినోడి కష్టం మోసుకుపోయినాడు. పెట్టి మొయ్యడానికి రాలేదు."

షీబా అన్న ట్రంకుపెట్టె తెరిచింది. నంబర్లు రాసుకున్న చిన్న పుస్తకం తీసి అక్షరం అక్షరం వెతికింది. సామ్ లేడు. శామ్యూలు లేడు. వాళ్ళ వీధిలోనే ముగ్గురు సామ్‌లు ఉన్నారు. పాస్టరు గారి అబ్బాయి సామ్, టైలరు సామ్‌బాబు, రైల్వేలో పనిచేసే సామ్. అంత దూరం ఎడారిలో ఒక సామ్ ఉండటంలో వింతేముంది? సైన్యంలో ఏ ఊరివాడైనా ఉంటాడు. కేరళవాడో, ఈశాన్యం వాడో అనుకుంది అప్పట్లో.

అగ్గిపెట్టె వచ్చిన రోజు గుర్తుంది. లోపల దూది, దూది మీద తొమ్మిది పురుగులు, దూది కింద నాలుగు మడతల కాగితం. సామ్ దగ్గర తీసుకున్నవి. లైటు కింద. 9. తేదీ. ముందు వచ్చిన పెట్టెల్లో అయితే 'రామ్‌గఢ్ రోడ్డు, నేనే' అనో, 'క్యాంపు వెనక, నేనే' అనో ఉండేది. ఇందులో 'నేనే' లేదు. రేపు ఫోన్లో అడుగుదాం అనుకుంది. మర్నాడు అతను ఫోను చేసినప్పుడు ఆమె పురుగు భాగాలు శుభ్రం చేసే పొటాషు ద్రావణం కాస్తోంది. పురుగులు అందాయన్నా, తర్వాత మాట్లాడతాను అంది. ఐదో రోజున అతను వడదెబ్బకి పోయాడన్న వార్త వచ్చింది.

పుస్తకంలో 'లక్ష్ముడు, ఎస్.కోట' అని ఒక నంబరు ఉంది. శవపేటిక వెంట వచ్చిన జవాను అతనే. ఫోను చేసింది. అతని భార్య పద్మకుమారి ఎత్తింది. సోమవారమే సెలవు మీద వచ్చాడని, ఫోను ఇంట్లో పారేసి తిరుగుతాడని, అక్కర్లేనప్పుడు తప్ప ఇంట్లో కనబడడని చెప్పింది.

"ఏటి పనమ్మా?"

"వచ్చి చెప్తాను వదినా."

ఫోన్లో అడిగితే తోటి జవాన్ని కాపాడటానికి మాట దాటేస్తాడేమో. ముఖం చూస్తూ అడగాలి.

*

శనివారం పది దాటేసరికి శృంగవరపుకోటలో దిగి, ఆటోలో ఊరి చివరికి చేరింది. లక్ష్ముడు అరుగు మీద గోనెపట్టా పరుచుకుని పనసకాయ కొడుతున్నాడు. చేతులకి మోచేతుల దాకా నూనె. కాయని ఎడమచేత్తో తిప్పుతూ, కత్తితో టకటకా గాట్లు పెట్టి, పైపొర చెక్కి పొట్టు రాలుస్తున్నాడు. ఆమెని చూసి కత్తి పక్కన పెట్టాడు.

"రా సెల్లెమ్మా. ఒసే పద్మా, బెన్హర్ సెల్లెలు వచ్చింది, మంచినీళ్ళు తే." చేతులకి జిగురంటుకుని ఉంది, తుడుచుకుంటే పోదు. అలాగే గాల్లో పట్టుకుని కూర్చున్నాడు. "అమ్మ ఎలగున్నాది?"

"బాగానే ఉంది. అన్నయ్యా, ఒక మాట అడుగుతాను, దాచకుండా సెప్పు. సామ్ ఇప్పుడెక్కడుంటాడు?"

"సామా?" లక్ష్ముడు నవ్వాడు. "ఎక్కడికెళ్తాదేటి? ఉన్న కాడే ఉన్నాది."

షీబా చేతిలో నీళ్ళ గ్లాసు ఆగిపోయింది.

ఉన్నాది అన్నాడు. ఉన్నాడు అనలేదు.

"ఉన్నాది ఏటన్నయ్యా? మనిషి కదా?"

"మనిషేటి? ఊరు గదమ్మా. సామ్. జైసల్మేరు నుంచి గంట దూరం. ఇసక దిబ్బలు, ఒంటెలు, టూరిస్టోలు. మా లారీలు ఆగే కాడ చిన్న సెక్‌పోస్టు ఉంటాది. అక్కడోలు సమ్ అంటారు. మీ అన్న ఇంగ్లీషు బోర్డు సదివి సామ్ అన్నాడు. మా ఈదిలో సామ్‌లు ముగ్గురున్నారురా, ఇక్కడ ఊరికే పెట్టేసినారు అని పడి పడి నవ్వినాడు. ఆ రోజు నుంచి మాకూ సామే."

దగ్గర. బస్టాండు దగ్గర దిగాం అంటాం. మావ దగ్గర తీసుకున్నాం అంటాం. ఊరికీ అదే మాట, మనిషికీ అదే మాట. ఆ కాగితాన్ని ఆమె ఎన్నిసార్లు చదివింది? పదిసార్లు చదివింది. పదిసార్లూ మనిషే కనిపించాడు.

"మరి... పురుగుల్ని ఎవరు ఏరారు?"

"ఎవులు ఏర్తారు? ఆడే. మాకు పనీపాటా లేదేటి?" లక్ష్ముడు జిగురు చేతులతోనే నేల మీద చూపించాడు. "ఇలాగ లైటు స్తంభం కింద దుప్పటి పరిసీవోడు. మోకాళ్ళ మీద కూకుని ఒక్కోదాన్ని వెల్లకిలా తిప్పీవోడు. టక్ మంటే అగ్గిపెట్టెలోకి, అనకపోతే వదిలీవోడు. మేం ఏడిపించీవోళ్ళం. ఏరా, మీ సెల్లి పురుగుల డాట్రా, నువ్వు కాంపౌండరువా అని. ఔనురా అనీవోడు. నలభై ఏడు డిగ్రీల ఎండ కాసిన రోజున కూడా పొద్దు గూకీసరికి దుప్పటి తీసీవోడు."

పద్మకుమారి లోపల్నుంచి అతని ఫోను తెచ్చింది. అతని వేళ్ళు పనిచెయ్యవు కాబట్టి ఆమే తెర మీద వేలు జరుపుతూ ఫోటో వెతికి పెట్టింది. రోడ్డు పక్క మైలురాయి. దాని మీద బెన్హర్ ఒక కాలు పెట్టి నిలబడ్డాడు. మెడలో తువ్వాలు, చేతిలో అగ్గిపెట్టె. రాయి మీద హిందీ అక్షరాలు. షీబా స్కూలు హిందీ కూడబలుక్కుంది. స. మ. కింద ఇంగ్లీషులో మూడక్షరాలు.

"ఒక మాట అడగనా సెల్లెమ్మా, ఏటైంది?"

ఆమె చెప్పింది. చీటీ గురించి, లెగ్ గురించి, అచ్చయిన పేరు గురించి. లక్ష్ముడు పనసకాయని పక్కకి నెట్టాడు.

"ఆ కాగితం రాసీటప్పుడు నేను పక్కనే ఉన్నాను" అన్నాడు. "ఈమాటు నీ పేరు రాయలేదేటిరా అన్నాను. మా సెల్లికి నా రాత తెల్దేటి అన్నాడు."

షీబా గ్లాసు కింద పెట్టింది. పెట్టిందనుకుంది. అది అరుగు అంచు మీంచి దొర్లి కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

*

శ్రీకాకుళం చేరేసరికి మూడున్నర. ఇంటికి వెళ్ళకుండా సరాసరి వెంకటరావు ఇంటికి వెళ్ళింది. ఆయన వీధి వరండాలో బల్ల వేసుకుని, నల్లసిరాతో పురుగు కాలి బొమ్మకి చుక్కలు పెడుతున్నాడు. ఆమె పద్మకుమారి తన ఫోన్లోకి పంపిన మైలురాయి ఫోటో చూపించి, నాలుగు వాక్యాల్లో చెప్పింది. ఏడవలేదు. ఏడిస్తే ఆ నాలుగు వాక్యాలు బయటికి రావని తెలుసు.

ఆయన కలం మూత పెట్టడం మరిచిపోయాడు. సిరా బొమ్మ మీద చుక్కయి, చుక్క పెద్దదయింది.

"సమ్" అన్నాడు. "నేనూ వినలేదు ఆ పేరు. మ్యాపు తియ్యాల్సింది. ఏ పోస్టు, ఏ ఊరు అని నిన్ను అడగాల్సింది. ఎడిటర్ అడిగిన రోజున రెండు రోజులు ఆగి నీకోసం మనిషిని పంపాల్సింది. కళింగపట్నం ఎంత దూరం?" సిరా పడ్డ కాగితాన్ని పక్కకి జరిపాడు. "ఏరినవాడికి పేరు దక్కాలని, ఏరినవాడి పేరే కొట్టేశాను."

"చీటీ నాది సార్."

ఆయన తెల్లకాగితం తీసి సవరణ రాశాడు. సేకరణ స్థలం సమ్. సేకరించినవారు కీర్తిశేషులు బెన్హర్. చీటీలో పొరపాటు. రెండు వాక్యాలు అన్నవి మూడయ్యాయి. ఆమెకి చదవడానికి ఇచ్చి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"మీ అమ్మగారికి ఏం చెప్తావు?"

"తెలీదు సార్."

"ఆవిడ ఇప్పటికే తప్పు నాదనే అనుకుంటున్నారు కదా. వెంకటేష్ మా వీధివాడే, ఫ్లెక్సీ షాపు సంగతి చెప్పాడు." నవ్వబోయాడు. "అలాగే ఉండనీ. పేరు మార్చింది నేనే. అబద్ధం చెప్పినట్టు కాదు."

"రేపు ఫిర్యాదు మీద సంతకాలు పెట్టిస్తున్నారు."

"పెట్టనీ. మూడు నెలల్లో రిటైరవుతున్నాను. సంజాయిషీ రాయడం నాకు కొత్త కాదు. తిడితే పడగలను, నా వీపు గట్టిదే. కొడుకు పేరు పోయిందని ఆవిడకి ఎవరి మీదో ఒకరి మీద కోపం ఉండాలి. ఆ కోపం నీ మీదికి వస్తే, ఆ ఇంట్లో ఆవిడకి ఎవరు మిగిలారమ్మా?"

షీబా కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. చెప్పులు వేసుకుంది. వరండా మెట్లు దిగాక వెనక్కి తిరిగి చూసింది. ఆయన మళ్ళీ కొత్త కాగితం మీద అదే కాలి బొమ్మ మొదలుపెడుతున్నాడు.

*

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పక్క హాల్లో కూడిక. పంకాలు తిరుగుతున్నా చెమటలు. గోడకి బెన్హర్ ఫోటో, దానికి కనకాంబరాల దండ. పాస్టరు గారు క్లుప్తంగా ప్రార్థన చేశారు. ఇద్దరు ముగ్గురు లేచి బెన్హర్ చిన్నతనం చెప్పారు. చెట్టెక్కి పడ్డ సంగతి, క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరిగా నిద్రపోయిన సంగతి. జనం నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు.

ఎలీసమ్మ ముందు వరసలో కూర్చుంది. తెల్ల చీర, చేతిలో రుమాలు. రాత్రి షీబా ఆమెకి ఏమీ చెప్పలేదు. అలిసిపోయానంది, పడుకుంది. తల్లి కూడా అడగలేదు. అన్నం కంచం తలగడ పక్కన పెట్టి, దాని మీద ఇంకో కంచం బోర్లించి వెళ్ళింది.

సుందరరావు లేచి కాగితం విప్పాడు. గొంతు సవరించుకున్నాడు.

"సంఘస్థులారా. మన బిడ్డ దేశం కోసం ప్రాణం పెట్టాడు. ఎండలో మాడి ఓ పురుగుని కనిపెట్టాడు. ఆ పురుగుకి ఆడి పేరు పెట్టాల్సింది. పెట్టలేదు. ఆ పేరు దురుద్దేశముతో తొలగించిన బాధ్యుడు..." ఒక్క క్షణం ఆగాడు, ఉపన్యాసకుడిలా. "జంతుశాస్త్ర శాఖ ఆచార్యులు వెంకటరావు. ఆయన మీద తగిన సర్య తీసుకోవాలని మన ఇన్నపం. ముందు తల్లి సంతకం పెడతాది."

హాల్లో గుసగుసలు లేచాయి. "మాల యేసుకుంటాడు గదా ఆయనే" అని ఎవరో అన్నారు. "సదువుకున్నోలే ఇలగ సేస్తే" అని ఇంకెవరో. కాగితం కిందికి అట్ట పెట్టి ఎలీసమ్మ ఒళ్ళో ఉంచారు. ఆమె కలం పట్టుకుంది. సంతకం పెట్టడం ఆమెకి పెద్ద పని. కలాన్ని నాలుగు వేళ్ళతో పట్టుకుని, మోచెయ్యి శరీరానికి ఆన్చుకుని, ముందుగా గాల్లో ఒకసారి ఎ రాసుకుంటుంది. అలాగే రాసుకుంది. కొస కాగితానికి ఆనింది.

షీబా వెళ్ళి తల్లి మణికట్టు పట్టుకుంది.

"ఒద్దమ్మా."

"ఏటే? వొదులు. సిరా అలుక్కుపోతాది."

"మేస్టారు కాదు."

"అదిగో" అన్నాడు సుందరరావు. "సెప్పాను గదా, దీనికి బయం. డిగ్రీ..."

"మావా, ఒక్క నిమిషం ఆగు." గొంతు తను అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. "సామ్ అని మనిషి లేడు. సామ్ ఊరు. ఆ ఊరి దగ్గర అన్నయ్యే ఏరాడు. మోకాళ్ళ మీద కూచుని, ఒక్కోదాన్నీ తనే ఏరాడు. ఊరి పేరు రాసి పంపాడు. దాన్ని మనిషి పేరనుకుని చీటీ కట్టేసారు. మేస్టారు ఆ చీటీని నమ్మారు. అంతే."

ఎలీసమ్మకి సగమే అర్థమైంది. అర్థమైన సగం ఆమె ముఖంలో వెలిగింది. "ఆడే ఏరినాడా? ఇంకెవులూ కాదా?"

"అన్నయ్యే."

"అయితే పేరు మళ్ళీ మారుస్తారేటే?"

"మారదమ్మా. ఇంక ఎప్పటికీ మారదు. కింద రెండు ముక్కలు యేస్తారు, ఏరింది బెన్హర్ అని. పేరు మాత్రం మారదు."

వెలుగు పోయింది. ఎలీసమ్మ కూతురి ముఖంలోకి చూసింది. కలం ఇంకా చేతిలోనే ఉంది.

"ఆడు ఊరి పేరని రాస్తే మనిషి పేరని సదివినోలు ఎవులే?" అంది. నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి. "ఆడి రాత తెలీనోలు ఎవులే? ఆ సీటీ కట్టినోలి పేరు సెప్పు. ఈ కాగితం మీద ఆళ్ళ పేరే రాయిస్తాను. ఎవులు?"

సుందరరావు కాగితం అందుకోవడానికి వంగాడు. పాస్టరు గారు కుర్చీలో ముందుకి జరిగారు. వెనక వరసలో కూర్మమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. వెంకటరావు పేరు ఆ కాగితం మీద రాసే ఉంది. షీబా నోరు తెరవకపోతే అది అలాగే ఉంటుంది.

ఆమె తల్లి మణికట్టు వదిలేసింది. రెండు చేతులూ పక్కన పెట్టుకుని, బళ్ళో హాజరు పలికే పిల్లలా తిన్నగా నిలబడింది.

"షీబా" అంది, వెనక వరసకి కూడా వినబడేలా. "నీ కూతురు షీబా."